సరంగు బావిలో ఏడో పేరు

సరుగుడు తోట అవతల పాడుబావి ఉంది చూశారూ, గట్టు ఒక పక్కకి ఒరిగిపోయి, పైన తాటిదూలాలు అడ్డం వేసి ఉంటాయి, అదే. మిట్టమధ్యాహ్నం ఆ దారిన ఎవరూ పోరు. కర్ర కొట్టించే కాంట్రాక్టరు కూడా తోటంతా నరికించి ఆ బావి చుట్టూ పది చెట్లు వదిలేశాడు. అదేమిటయ్యా అంటే గొడ్డలి పదును పోయిందన్నాడు. సరిగ్గా ఆ పది చెట్ల దగ్గరే పోయిందట పదును!

దగ్గరికి జరగండి, చెబుతాను. నేను చూసింది చూశానంటాను, విన్నది విన్నానంటాను, రెండూ కలపను.

ఆ బావి మా మావ తవ్వించింది. మావంటే నా మొగుడి తండ్రి, ఓడ సరంగు, ఓడలో పనిచేసే కళాసీలకి పెద్ద. పేరు చెప్పనులెండి, కోడలు మావ పేరు పలకకూడదు, ఇప్పుడీ వయసులో కొత్తగా పలికి ఏం బావుకుంటాను? పెద్ద యుద్ధం రోజుల్లో ఆయన మన ఊరి నుంచి ఏడుగురిని కలకత్తా తీసుకెళ్ళి ఓడలో కళాసీలుగా పెట్టించాడు. ఆ ఓడలు ఒంటరిగా పోవట. నలభై ఓడలు బారులు తీరి, చుట్టూ కాపలా ఓడలు, అన్నిటికంటే నత్తలా పోయే ఓడ ఏదో దాని నడకే అన్నిటికీ నడకట. ఇంకో కట్టుబాటు కూడా ఉందట, ఏ ఓడకి దెబ్బ తగిలినా వెనకొచ్చేవి ఆగకూడదు, ఆగితే అవీ పోతాయి. ఇదంతా విన్నదే సుమండీ.

అన్నాలు వడ్డించుకునే వేళ, పట్టపగలు, నీళ్ళ కిందనుంచి టార్పెడో వచ్చి తగిలింది. అప్పుడు సరంగు ఏం చెయ్యాలి? ఓడకి వేలాడే చిన్నపడవ దగ్గర నిలబడి తన మనుషుల్ని వరసగా పేరుపెట్టి పిలవాలి, పిలిచినవాడు 'ఉన్నా సరంగూ' అని పడవెక్కాలి. మావకి చదువు రాదు, పేర్లన్నీ నోట్లోనే. పిలిచాడు. కానీ అదే సమయానికి ఓడ కూత బిగుసుకుపోయి, ఆపేవాడు లేక ఒకటే కూస్తోంది, పక్కనున్నవాడి మాట వినబడదు, పొగలో మనిషి కనబడడు, ఇంతలో ఓడ నడిపే దొర పడవ దించెయ్యమన్నాడు, దించేశారు. మావ పడవలో ఉన్నాడు. ఏడుగురూ లేరు. వెనకొచ్చే ఓడలు ఒక్కటీ ఆగలేదు.

తిరిగొచ్చాక ఆ తల్లులు అడిగింది ఒక్కటే, మావాడు పలికాడా అని. ఏం చెబుతాడు చెప్పండి? పలికాడంటే మరి వదిలేసి వచ్చావా అంటారు. పలకలేదంటే, ఏమో, పలికాడేమో! అప్పటినుంచీ రోజూ మధ్యాహ్నం ఆ బావి దగ్గరికెళ్ళి, లోపలికి వంగి ఒక్కొక్క పేరే పిలిచి, చెవి పెట్టి వినేవాడు. నేను అన్నం గిన్నె తోట మొదట్లో పెట్టి వచ్చేదాన్ని. గొంతు తెలిసేది, మాట తెలిసేది కాదు.

ఆయన పోయాడు. పెద్దకర్మ అయిన మర్నాడే బావి పిలవడం మొదలుపెట్టింది. ఇది నేను విన్నది, ఈ చెవులతో!

ఇక చూడండి ఊళ్ళో గోల. మనవాళ్ళు పోయినవాళ్ళ పేర్లే కదా పుట్టినవాళ్ళకి పెడతారు? బావి పైడయ్యా అని పిలిస్తే అది ఏ పైడయ్యని? సముద్రంలో పోయిన మావ తమ్ముణ్ణా, మా ఇంట్లో ఉన్న నా ఆరేళ్ళ కొడుకునా? దెయ్యం పిలిస్తే పలకకూడదని అందరికీ తెలుసు, పిల్లాడికేం తెలుసు? వాడోసారి తింటూ తింటూ 'ఆఁ' అనబోతే, నోట్లో ముద్దతో సహా మూతి మూసేశాను. తాయెత్తు కట్టించాను. వాడికి కాస్త ఒళ్ళు వెచ్చబడితే చాలు, రాత్రంతా పక్కనే కూర్చునేదాన్ని. అందరిదీ అదే భయం, తన పిల్లాడి పేరు వినగానే చెవులు మూసుకుని పరుగు. చివరిదాకా నిలబడి విన్నవాళ్ళు లేరు.

అప్పుడొచ్చింది హైమావతి టీచరమ్మ, టేపు రికార్డరు భుజాన వేసుకుని. పట్నంలో రేవు దగ్గర యుద్ధంలో పోయిన ఓడవాళ్ళ గుర్తుగా రాయి నిలబెడుతున్నారు, పేర్లు కావాలి, జ్ఞాపకాలు కావాలి అంది. ఆవిడ కాగితంలో 'సరంగు, మరో ఏడుగురు' అని ఉంది. ఊరంతా తిరిగితే ఆరు పేర్లే తేలాయి. ఏడోవాడెవడు? పెళ్ళి కాలేదు, ఎనకాముందూ ఎవరూ లేరు, తల్లి ఎప్పుడో పోయింది, ఆ పేరు ఎవరికీ పెట్టలేదు.

"పేరు దొరక్కపోతే రాతిమీద ఆరుగురే ఉంటారు పెద్దమ్మా" అంది టీచరమ్మ. అప్పటికి నాకు ముప్పై కూడా నిండలేదు, పెద్దమ్మ అంది! అయినా పోనీలే అనుకుని, "ఆ పేరు తెలిసినవాడు బావిలో ఉన్నాడు, వస్తావా?" అన్నాను. ఆవిడకి పేరు కావాలి. నాకు నా కొడుకుని వదిలెయ్యమని మావకి చెప్పుకోవాలి.

వెళ్ళాం. దూలం ఒకటి జరిపాం. టేపు రికార్డరు చేదలో పెట్టి దించింది టీచరమ్మ. పిలిచింది బావి! గంగులూ అంది, ఆగింది. సత్తెయ్యా అంది, ఆగింది. ఆ ఆగడం దగ్గర నాకు వెలిగింది. ఇది ఎవర్నీ రమ్మనడం లేదు, ఉన్నావా అని అడుగుతోంది! పైడయ్యా అంది. పలికితే నా కొడుకు పోతాడేమో. పలక్కపోతే రేపూ పిలుస్తుంది, ఎల్లుండీ పిలుస్తుంది. కళ్ళు మూసుకుని అరిచాను, "ఉన్నాడు మావా! నీ మనవడై ఉన్నాడు, ఇంట్లో అన్నం తింటున్నాడు!"

 బావి ఏం చేసిందనుకున్నారు? మళ్ళీ మొదటికొచ్చింది! గంగులూ అంది. ఉన్నాడు మావా, వల వేస్తున్నాడు అన్నాను. సత్తెయ్యా అంది. ఉన్నాడు, నిన్ననే గొడవపడ్డాడు అన్నాను. పైడయ్య, లోవరాజు, బండియ్య, అప్పన్న, అందరికీ పలికాను. ఆ తరవాత బావి కాసులూ అంది.

కాసులు! ఏడో పేరు! టీచరమ్మ నా చెయ్యి పట్టుకుని గిల్లేసింది. కానీ ఏమని పలకను? ఊళ్ళో కాసులన్నవాడు లేడు. ఉన్నాడంటే అబద్ధం. ముప్పై ఏళ్ళు ఎదురుచూసిన మనిషికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేడు మావా" అన్నాను. "ఆ రోజు పలికాడో లేదో మాకూ తెలీదు. పేరు మాత్రం దొరికింది. టీచరమ్మ రాసుకుంది, రాతిమీద చెక్కుతారు."

కిందనుంచి ఒక నిట్టూర్పు, ఓడ తాడు వదిలినట్టు. అంతే. నేను వెనక్కి చూడకుండా ఇంటికి పరిగెత్తాను. పైడయ్య రెండోసారి చేపల పులుసు పోసుకుంటున్నాడు.

ఇప్పుడా రాతిమీద ఏడు పేర్లూ ఉన్నాయి. ఆ టేపులో మావ గొంతు పడిందా అంటారా? నేను వినలేదు, విననిది చెప్పను. తరవాత నాకు పుట్టినవాడికి ఏం పేరు పెట్టానో వేరే చెప్పాలా? అడుగో, గుంజకి ఆనుకుని కునుకుతున్నాడు. ఒరేయ్ కాసులూ! చూశారా, ఒక్క పిలుపుకి పలకడు.

బావి ఇప్పటికీ అప్పుడప్పుడు పిలుస్తుందంటారు. మీరు మాత్రం అటు పోకండి. పోయారా, ఏడు పేర్లూ వరస తప్పకుండా వచ్చి ఉండాలి. ఒక్కడికి పలకడం మరిచినా మా మావ మళ్ళీ మొదటినుంచి పిలుస్తాడు, ఇక్కడ మీ అన్నాలు చల్లారిపోతాయి.