పేరు దొరకని ఏడ్పు

మీ నాయినమ్మ ముచ్చటా? గదేం చదువు బిడ్డా, నర్సు చదువుల మతిమరుపు ముసలోళ్ల గురించి గూడ రాసుకరమ్మంటరా? రాసుకో మరి. గనీ నేను చెప్పేది మీ అమ్మ శ్రీలతకు గూడ సగమే తెలుసు. నువ్వప్పుడు కామారెడ్డి హాస్టల్ల ఉంటివి, అయిదో తరగతి గావచ్చు. కుర్చీ ఇటు జరుపుకో, నాకు ఎడమ చెవు ఇనరాదు. మీ నాయినమ్మ, మా అక్క నాగవ్వ అంటే ఎల్లారెడ్డిల అందరికి ఎరికే. బీడీలు చేసేది, గనీ బీడీలు చేసేటోళ్లు గల్లీకి పదిమంది ఉండిరి. సావు కాడ ఏడ్సుట్ల మాత్రం ఆమె తర్వాతనే ఎవలన్నా. నవ్వకు. ఇప్పటోళ్లు మూతికి దస్తీ అడ్డం పెట్టుకొని నిలవడి, దండేసి, ఫోటో తీసుకొని పోతరు. అప్పుడు గట్ల కాదు. ఒకల మెడ ఒకలు వట్టుకొని, సచ్చినోని పేరు వెట్టి పిలుసుకుంట, వాడు పుట్టిన కాన్నుంచి చేసినయన్ని వరుసగ చెప్పి ఏడ్వాలె. మా అక్క ఏడిస్తే పగోని కండ్లల్ల గూడ నీళ్లు తిరిగేటియి. భిక్నూర్ దాంక మనిషిని పంపి పిలిపించుకునేటోళ్లు.

మీ నాయిన లక్ష్మణ్ దుబాయిల బిల్డింగు మీదికెళ్లి పడి సచ్చిండని ఫోనొచ్చినప్పుడు నువ్వు రెండేండ్ల పోరివి. నెలా పదకొండు దినాలకు పెట్టె వచ్చింది. తెరవొద్దన్నరు. మా అక్క ఆ చెక్క మీద చెయ్యేసి పొద్దుగూకే దాంక ఏడ్సింది. వాడు నిజాంసాగర్ కాలువల ఈత నేర్సుకున్నది, పిట్లం అంగడిల తప్పిపోయి బర్రెల కాడ దొరికింది, ఏదీ ఇడువలే. మూడొద్దులు పోయినంక చాట ముంగటేసుకొని బీడీ ఆకు కత్తిరించుడు సురువు చేసింది. గట్టి మనిషి అన్నరు జనం. గట్టి మనిషేం కాదు, కడుపుల ఉన్నదంత చెప్పుకొని ఏడ్సింది గావట్టి బతికింది.

ఎనిమిదేండ్లకు మరుపు వట్టింది. ముందుగాల పొయ్యి మీది అన్నం మర్సింది, ఎన్కసిరి ఇంటి తొవ్వ, అటెన్క నన్ను. తోడవుట్టిన తమ్ముణ్ని వట్టుకొని, "ఎవలయ్యా మీరు, బీడీ కార్ఖానాకెళ్లి వచ్చిండ్రా?" అనేది. గనీ చిన్నప్పటియి అడుగు, తారీఖుతోని చెప్తది. మీ నాయిన సచ్చిపోయింది గూడ మర్సింది. "లక్ష్మణ్ ఇంక రాలేదేందే?" అంటే మీ అమ్మ పాపం, ఉన్నది ఉన్నట్టే, "అత్తా, ఆయన పోయి ఎనిమిదేండ్లాయె" అనేది. గా మాట ఆమెకు అప్పుడే ఇన్నట్టు. నెత్తి కొట్టుకొని ఏడ్సేది. గంట కాంగనే మళ్ల, "లక్ష్మణ్ తిన్నడా?" ఒక్క నెలల మీ నాయిన ఇరవై సార్లు సచ్చిండు బిడ్డా గా ఇంట్ల. కామారెడ్డికి తీస్కపోతే డాక్టరు అన్నడు, "పెద్దాయనా, ఆమె మెదడుల కొత్త మాట నిలువది. గనీ బాధ నిలుస్తది. ఎందుకు బాధయిందో మర్సిపోతది, బాధ మాత్రం లోపల అట్లనే ఉంటది. నిజం చెప్పకుండ్రి." గిప్పుడు మీ పుస్తకంల గూడ గట్లనే ఉన్నదా? ఉంటది. అప్పటిసంది మీ అమ్మ "డ్యూటీకి పోయిండత్తా" అనేది. మా అక్క సల్లగ ఉండేది. నాకే మండేది. సచ్చినోన్ని డ్యూటీకి పంపుడేందని.

పెత్రమాస వచ్చింది, పెద్దల అమాస. పెద్దలకు బియ్యమిచ్చేటప్పుడు సచ్చినోళ్ల పేర్లు చెప్పాలె గదా, చెప్పకుంటే వాళ్లకు ముట్టదంటరు. మీ అమ్మ ముందే చెప్పింది, "మామా, ఆయన పేరు మెల్లగ చెప్పుండ్రి, అత్త అరుగు మీదనే ఉన్నది." నేను ఇనలే. ఆమెకేం సమజైతది, అయినా గంటల మర్సిపోతది గదా అనుకున్న. నా మేనల్లుడు ఆకలితోని తిరిగిపోతడేమోనని గొంతెత్తి చెప్పిన. మా అక్క చేతుల ఆకు కిందవడ్డది. ఏడ్సింది. గంట కాంగనే పేరు మర్సింది, గది నేను అనుకున్నట్టే. గనీ ఏడ్పు ఆగలే. తెల్లారి ఏడ్పే, మూడో దినం ఏడ్పే. అన్నం ముట్టది, నీళ్లు ముట్టది.

నాలుగో దినం నా చెయ్యి వట్టుకున్నది. "అయ్యా, మా ఇంట్ల ఎవలన్న సచ్చిండ్రా? దుఃఖమొస్తున్నది. ఎవల పేరు వెట్టి ఏడ్వాలెనో తెలుస్తలేదు." మీ నాయిన పేరు నోటి దాంక వచ్చింది. మళ్ల ఆమెను గా పెట్టె కాడికి తీస్కపోవుడు నాతోని కాలే. "నీ తమ్ముడు ఆశన్న సచ్చిండవ్వా" అన్న. నా పేరే చెప్పిన, ఏం చేస్తం. ఆమె కొంగు నెత్తి మీదికి తీసుకొని, మంచిగ కూసొని, ఏడ్పు ఎత్తుకున్నది. అమ్మ సచ్చినప్పుడు నన్ను సంకనేసుకొని తిరిగింది, నాకు అమ్మోరు పోస్తే యాపమండతోని ఇసిరింది, నేను కార్ఖానల ఆకు దొంగతనం చేస్తే "నేనే తీసిన" అని ఆమె దెబ్బలు తిన్నది. గా దెబ్బల సంగతి నేను మర్సిపోయి ఎన్నేండ్లయిందో. ఎదురుంగ కూసొని అంత ఇన్న. అయినంక మొకం కడుక్కున్నది, మీ అమ్మను జొన్నరొట్టె అడిగి రెండు తిన్నది. నేను గెలిచిన అనుకున్న.

తెల్లారి పోయిన. నన్ను సూడంగనే ఎన్కకు జరిగింది. నేనేం చెప్పిన్నో యాదిలేదు, నేనెవలో తెల్వదు, గనీ నా మొకం సూస్తే కండ్లల్ల నీళ్లు కారుతున్నయి. "గాయనను లోపలికి రానియ్యకే, శ్రీలతా, గాయన వస్తే మంచిగ కాదు" అని తలుపు ఎన్కకు పోయింది. ఆమె ఇంక పదకొండు దినాలు బతికింది. నేను రోజు పోయిన, అరుగు మీద ఆమెకు కనవడకుండ కూసున్న. లోపట మీ అమ్మతోని నవ్వుకుంట మాట్లాడేది. నేను జర దగ్గితే మాట ఆపేది.

గది గంతే. కాయిదం మూసెయ్ బిడ్డా. పొయ్యి మీద చాయ పెట్టు, చక్కెర తక్కువెయ్యి.