బ్యాటరీ చూడమన్నాను

ఎన్నిసార్లు అడుగుతారు సార్, సంతకం పెట్టమని? పెడతాను, ఎక్కడికి పోతాను? ముందు కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, అది మా అక్కది. ఈ స్టూలు లాక్కోండి.

చదివాను సార్. బాగానే రాశారు. "నా బదులు డ్యూటీ ఎక్కిన డ్రైవరు పొద్దున అంబులెన్సును చూసుకోలేదు. అతని నిర్లక్ష్యం వల్లే మా అక్క చనిపోయింది." నా పేరు మీద ఇంత కోపం ఎందుకండీ? నాకసలు కోపమే రావడం లేదు. ఏడుపూ రావడం లేదు. పది రోజులుగా పొద్దున్నే లేచి రెండు గ్లాసులు కడుగుతున్నాను. కడిగాక గుర్తొస్తోంది, రెండోది ఎవరికని.

మీరు ఆఫీసు మనిషి, మీకు బండి సంగతి తెలీదు. తాళం తిప్పితే టకటకటకమని కొట్టుకుంటూ లైట్లు మసకబారాయనుకోండి, అది బ్యాటరీ. లైట్లు నిక్షేపంలా వెలుగుతూ, ఒకే ఒక్క టక్కు వినిపించి ఊరుకుందనుకోండి, స్టార్టర్ మోటారు. దానికి కొత్త బ్యాటరీ పెట్టినా దండగే. ఇరవై ఆరేళ్లు తోలాను, నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

మా బండిది ఒక్క టక్కే సార్. ఏడాది బట్టీ.

అలా చూడకండి. అవును, తెలుసు. నా సీటు కింద మూరెడు ఇనప కడ్డీ ఉండేది. బానెట్ ఎత్తి, చెయ్యి లోపలికి పోనిచ్చి, మోటారు మీద రెండు దెబ్బలు వేస్తే చక్కగా అందుకునేది. అర నిమిషం పని.

లాగ్ బుక్కులో ఎందుకు రాయలేదా? రాస్తే బండి షెడ్డుకు పోతుంది. బండి లేని డ్రైవర్ని మీరు ఊరవతలి స్టేషనుకు బదిలీ చేసి పారేస్తారు. పోయినేడు చేయబోయారు కదా! "ఆ బండి ఆయన చేతికి తప్ప లొంగదు, కదపొద్దు" అని మీ పైవాళ్లే ఆపారు. నాకూ కావలసింది అదే. అక్క ఆయాసం మనిషి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. మధ్యాహ్నం సైకిలేసుకొచ్చి ఒకసారి చూసుకోవచ్చని... అంతే సార్.

ఆ రోజు ఆవిడకి బాగాలేదని సెలవు పెట్టాను. బండి బక్కోడు ఎక్కాడు. మేమంతా వాణ్ని అలాగే పిలుస్తాం, ఇద్దరు పిల్లల తండ్రి. పొద్దున వాడు చూసుకున్నాడు సార్, అప్పుడు అందుకుంది కూడా. ఆ బండి అంతే, ఎప్పుడు మొరాయిస్తుందో తెలీదు.

పదకొండింటికి అక్క పెదాలు నీలంగా మారాయి. ఆక్సిజన్ లేకుండా కదిపితే దక్కదు. ఫోన్ చేశాను. "వచ్చేస్తున్నా అన్నా" అంటూనే తాళం తిప్పాడు.

టక్.

నాకు వినపడింది. "లైట్లు వెలుగుతున్నాయారా?" అన్నాను. "బ్రహ్మాండంగా వెలుగుతున్నాయన్నా. ఏం చెయ్యను?" వాడి ఫోన్ స్పీకర్లో ఉంది. పక్కన సూపర్వైజరు గొంతు. ఆయన ముందు కడ్డీ మాట ఎత్తితే ఏడాదిగా దాచిందంతా బయటపడుతుంది.

"బ్యాటరీ చూడు" అన్నాను.

నమ్మాడు సార్. వైర్లు బిగించాడు. రోడ్డు మీద పోయే కారును ఆపి, దాని బ్యాటరీ తగిలించాడు. ఇంకో రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ "ఇంకా గట్టిగా బిగించు" అన్నాను. ఒకసారి అనేశాక ఇక మాట మార్చడం చేతకాలేదు. నేనే పరుగెత్తి పోయి రెండు దెబ్బలు వేద్దామని లేచాను. అక్క నా చొక్కా పట్టుకుంది.

వేరే స్టేషను బండి వచ్చేసరికి నలభై నిమిషాలైంది. అప్పటికి చొక్కా వదిలేసింది.

ఇదిగో సార్, కడ్డీ. ఆవిణ్ని సాగనంపిన మర్నాడే వెళ్లి, ఎవరి కంటా పడకుండా తెచ్చుకున్నాను. ఆ రోజంతా బక్కోడు దీని మీదే కూర్చున్నాడు.

పెన్ను మూసేస్తున్నారేం? కాయితం తిరగెయ్యండి, వెనక ఖాళీగానే ఉంది. నేను చెప్పింది రాయండి, సంతకం పెడతాను.

ఇంకొకటి కూడా రాయండి. నిన్న బక్కోడు వచ్చాడు. నా కాళ్లు పట్టుకుని, "నా వల్లే పోయిందన్నా అక్క" అని ఒకటే ఏడుపు.

లేపి, మంచినీళ్లిచ్చి, క్షమించానని చెప్పి పంపాను సార్.