అరవై రెండు సీసాల నీళ్ళు

(వెల్దుర్తి మండలంలో ఒక ఊరు. మధ్యాహ్నం. అరుగు మీద వెంకమ్మ, పక్కన మంచంలో ఆమె భర్త కోటేశ్వర్లు. కింద వాకిట్లో, భుజాన సంచితో లిఖిత.)

"అక్కడే ఆగు. అరుగెక్కావంటే బాగుండదు."

"వెంకమ్మగారూ, నేను లిఖితనండీ. రెండేళ్ళ కిందట యూనివర్సిటీ నుంచి నీళ్ళ పరిశోధనకి వచ్చాను. గుర్తుపట్టలేదా?"

"గుర్తుపట్టబట్టే ఆగమంటన్నా. ఊరి కొంప ముంచి, మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వచ్చావు?"

"నేనేం చేశానండీ?"

"ఏమయ్యో, విన్నావా? ఏం చేశానంటంది!"

"ఉండవే వెంకమ్మా. ఎండన పడి వచ్చింది, ముందు పిల్లని కూచోనియ్యి."

"కూచోనియ్యను. చూడమ్మాయ్, చుట్టుపక్కల నాలుగూళ్ళకి కృష్ణ నీళ్ళ పైపు ఏస్తన్నారు. మా ఊరి పేరు కొట్టేశారు. ఇదేం అన్యాయమని అందరం ట్రాక్టరెక్కి ఆఫీసుకి పోతే, ఇంజనీరు ఒక కాయితం తీసి చదివాడు. ఫలానా లిఖిత పరిశోధన చేసింది, మీ ఊరి నీళ్ళలో ఫ్లోరైడు లేదు, మీరు అదృష్టవంతులు అన్నాడు. అదృష్టవంతులంట!"

"నా పేపరు అక్కడిదాకా వెళ్ళిందని నాకు తెలియదండీ."

"నీకు ఎంత ముట్టింది?"

"ఎవరి దగ్గర్నుంచి?"

"అది నువ్వే చెప్పాల. మా ఊరికి పైపు రాకపోతే ఎవడికి మిగిలిందో వాడి దగ్గర."

"నోరు జారకండి వెంకమ్మగారూ. అరవై రెండు ఇళ్ళు కాళ్ళు అరిగేలా తిరిగాను. ఒక్కో సీసా మూడేసి సార్లు చూశాను. మిషను అబద్ధం చెప్పదు."

"మరి ఎవరు చెప్పారు అబద్ధం? మా ఆయన మెడ చెప్పిందా? మాచర్ల చెన్నకేశవుడి గుళ్ళో ఆయన సాష్టాంగపడి ఆరేళ్ళయింది. కొయ్యలాగా నిలబడే మొక్కుకుంటన్నాడు."

"నా సంగతి ఎందుకులేవే. వంగానా లేదా అని స్వామి లెక్క చూసుకోడు."

"నువ్వు ఊరుకో. మా మనవరాలు చెప్పిందా అబద్ధం? పదకొండేళ్ళ పిల్ల. ఎవరన్నా నవ్విస్తే పళ్ళు కనపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటది."

"నేను వచ్చింది ఆ పళ్ళ సంగతికేనండీ."

"ఏందీ?"

"మా దగ్గర్నుంచే ఝాన్సీలక్ష్మి అని ఇంకొకామె వచ్చింది కదా, జనం బతుకుల మీద పరిశోధనని ఇంటింటికీ తిరిగి ప్రశ్నలు అడిగి, పిల్లల నోళ్ళు తెరిపించి చూసింది. ఆమె లెక్కలో ప్రతి ఇంటా గార పళ్ళే. నా లెక్కలో నీళ్ళు మంచివి. రెండూ పక్కపక్కన పెట్టి, ఇందులో ఏది తప్పని మా సారు అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"అది ఇప్పుడెందుకండీ."

"ఏమన్నావో చెప్పు."

"ఊళ్ళోవాళ్ళు ఆమె దగ్గర ఎక్కువ చేసి చెప్పుంటారన్నాను. ఏదన్నా పథకం వస్తుందని."

"అయ్యో అయ్యో! మేము పథకం కోసం పిల్లల పళ్ళకి గార పూశామంట! వింటన్నావా ఏమయ్యో?"

"వినపడతంది. వీధంతటికీ వినపడతంది. గొంతు తగ్గించు."

"నన్నేం చెయ్యమంటారండీ? మీ సీసా మీ చేత్తో మీరే నింపి ఇచ్చారు. నేను ముట్టుకోను కూడా లేదు. నీళ్ళు మీవే కదా?"

"మావే."

"బోరు నీళ్ళేగా?"

"నువ్వేం అడిగావో అదే పోశా."

"బోరు నీళ్ళా, కాదా?"

"ఎండకి మొహం పీక్కుపోయి వచ్చావు. అమ్మా, మీరు తాగే నీళ్ళు ఒక సీసాడు పొయ్యండి అన్నావు. పోశా."

"అవునండీ. ఏ నీళ్ళు?"

"ఏమయ్యో, ఈ పిల్లని పొమ్మను."

"చెప్పవే. దాచిపెట్టుకునేదేముంది?"

"క్యాను నీళ్ళు."

"ఏంటండీ?"

"వెల్దుర్తి నుంచి ఆటోలో వస్తయ్యే, ఆ క్యాను నీళ్ళు. రోజూ మేం తాగం అయ్యి. చంటిబిడ్డలకి పోస్తాం, చుట్టాలొస్తే పోస్తాం. ఇంటికొచ్చి నీళ్ళడిగిన ఆడపిల్లకి ఆ బోరు నీళ్ళు పొయ్యటానికి చెయ్యెట్టా వస్తది?"

"తాగడానికి కాదండీ, పరీక్షకని చెప్పాను కదా!"

"చెప్పావు. యూనివర్సిటీకి పోతయ్యన్నావు. అంత దూరం పోయే నీళ్ళు కంపునీళ్ళు పంపి ఊరి పరువు తీసుకుంటామా?"

"అందరూ అలాగే పోశారా?"

"అందరూ. క్యాను లేనోళ్ళు పక్కింట్లో చెంబుడు అడుక్కుని పోశారు. ఎదురింటి మౌలాలీ నాలుగిళ్ళు తిరిగి తెచ్చాడు, పాపం."

"అందుకేనా... సీసాలన్నిట్లో దాదాపు ఒకే అంకె వచ్చింది. ఎంత శుభ్రంగా చేశావని మా సారు మెచ్చుకున్నాడు. వెంకమ్మగారూ, మీ మర్యాద నా నాలుగేళ్ళ చదువు నాశనం చేసిందండీ!"

"నీ చదువే నాశనమైంది కానీ, మా ఎముకలు ఏమైనా పరవాలేదా? ఇప్పుడే ఇంజనీరు దగ్గరికి పోదాం పద. నీళ్ళు అయ్యి కాదని చెప్పు."

"ఊరికే చెబితే వినరండీ. ఎందుకు తప్పయిందో కాయితం మీద రాసియ్యాలి. ఊరంతా కలిసి వేరే నీళ్ళు పోసి మోసం చేశారని రాయాల్సొస్తుంది."

"రాయి. మేం మోసగాళ్ళమనే రాయి. దొంగలమని రాయి. కింద ఏలిముద్ర కావాలా, ఏస్తా. పైపు మాత్రం ఎయ్యమను."

"వెంకమ్మా, ఒక్క నిమిషం. అమ్మాయ్, నేను అయిదో తరగతితో ఆపినోణ్ణి, తప్పడిగితే తప్పని చెప్పు. మేం పోసింది బోరు నీళ్ళని నీ పుస్తకంలో ఉందా?"

"ఉందండీ. అరవై రెండింటికీ ఉంది."

"మా ఆడది చెప్పిందా, బోరువని?"

"లేదండీ."

"మౌలాలీ చెప్పాడా?"

"లేదు."

"ఎవరో ఒకరు చెప్పకపోతే ఆ మాట ఎట్టా వచ్చింది తల్లీ? నిన్ను తప్పుపట్టటానికి కాదు. మోసమని రాసేచోట ఎవరి పేరు పెట్టాల్నో తెలియక అడుగుతన్నా."

"నా పేరు పెట్టాలండీ. మీ ఊరు కంటితో చూడకముందే, హాస్టల్లో కూర్చుని అరవై రెండు చీటీల మీదా బోరు అని రాసి, సీసాలకి అంటించుకుని వచ్చాను."