శౌరయ్య బాబాయ్ ఆలోచన

హలో… ఎవరూ… ఆ ఆ, నేనేనక్కా, జాన్ పాల్‌నే. వన్ టౌన్‌లో ఉన్నా. సాయంత్రం నీ రిసెప్షన్‌కే, స్పీకర్ వైరు కొంటున్నా… గట్టిగా మాట్లాడు డయానక్కా, ఇక్కడ తోపుడుబళ్ళవాళ్ళూ ఆటోవాళ్ళూ కొట్టుకు చస్తున్నారు…

ఏంటీ, నా పాట వేసేశారా? నేను రాకుండానే?

ఎవరు, సౌండ్ బసవయ్యా?… ఛీ. ఛీఛీ. ఆ డబ్బాల్లోనా వేసింది? వాటిల్లో ఏం వేసినా రేకుల షెడ్డు మీద కోతులు గెంతినట్టే ఉంటదక్కా…

సర్లే… కింద గుండెల్లో మోగే బేస్ వినపడిందా?… హాలు మొత్తం అదిరిందా! చూశావా. నేను చెప్పలా?

అది నేను పుట్టించిన బేస్. సింథసైజర్‌లో, సున్నా నుంచి. నా పాటలో ఒక్క శబ్దం కూడా బయట్నుంచి తెచ్చింది కాదు. ఒక్కటంటే ఒక్కటి… ఎవడో చేసిన శబ్దాలు తెచ్చి అతికించి, కింద డీజే అని పేరేసుకుంటారు చూడు, వాళ్ళని చూస్తే నాకు తిన్నది బయటికొస్తది. మొన్నో పెళ్ళిలో పెళ్ళికూతురు నడిచొస్తుంటే డప్పు రీమిక్స్ వేశాడు ఈ బసవయ్యే. దాని మీద కుక్క అరుపు. కుక్క, అక్కా! యాక్…

నాదా? నెలలు పట్టింది. అన్నం మానేశా. చిక్కీ చిక్కీ, మా అమ్మ నన్ను గుర్తుపట్టక ఆధార్ అడిగింది… నవ్వకు. ఎంత కరెంటు లాగానంటే, ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఒక పొగ్గొట్టం నా ఒక్కడి కోసమే పొగ వదిలింది…

పైన తేలతా ఉంటది, ఆ ఆడగొంతా? నచ్చిందా?… ఏడుపొచ్చిందా! అంతేగా మరి, చర్చి కోయిర్‌లో మెయిన్ గొంతు నీది, నీకు తెలుస్తది… ఉహూ, మనిషి కాదు. అదీ యంత్రమే. అంత శ్రుతిలో మనుషులెవరు పాడతారక్కా.

మరి నీ గొంతేంటి అలా ఉంది?

… మీ అమ్మా? పిన్ని ఏం చేసింది?

కుర్చీలో కునుకు పట్టింది… సరే, పొద్దుట్నించీ పనులు… పక్కన దానమ్మ ఆంటీ. మీ అత్తగారు… ఆ… పాట మొదలైంది… బేస్ వచ్చింది…

డొక్కలో పొడిచిందా?!

మోచేత్తోనా? కళ్ళు తెరవకుండానే?… "అబ్బా, అటు తిరిగి పడుకోండీ" అందా? వియ్యపురాలితోనా?

… లేదక్కా, నవ్వట్లా. దగ్గు. వన్ టౌన్ దుమ్ము.

ఇప్పుడెక్కడున్నారావిడ?… కార్లోనా? తలుపేసుకునా?… స్టేజీ ఎక్కనంటున్నారా. బావేమంటున్నాడు?… వాళ్ళమ్మ ఎక్కకపోతే తనూ ఎక్కనంటున్నాడా… అయ్యో.

పిన్ని చెప్పొచ్చుగా, ఎందుకు పొడిచిందో… నోరు విప్పట్లేదా.

నాకెలా తెలుస్తది? నేనిక్కడ వైర్ల కొట్లో ఉంటే—

పాట పేరా? "ఆలోచన". ఏం, బాలేదా? మనిషి మనసు లోతుల్లోకి…

… ఆ, గుర్తుంది. మీ ఇంట్లో గురక అనే మాట అనరు. "నాకు గురకేంటి" అని బాబాయ్ ఇల్లు పీకి పందిరేస్తాడు. అందుకని మీరంతా "నాన్న ఆలోచిస్తున్నారు" అంటారు… అయితే ఏంటి? ఆలోచన మీ ఒక్క ఇంటి సొత్తా?

మధ్యలో ఆగి, గుటకేసి, మళ్ళీ అందుకోవడమా?… అది ఉత్కంఠక్కా. కావాలని పెట్టా. పెద్దపెద్దోళ్ళు పెడతారు.

ఒట్టెయ్యాలా?… గుణదల మేరీమాత మీదా?… ఇంత చిన్నదానికి ఆవిణ్ణి లాగడం ఎందుకక్కా…

పాట చివర్లో ఏం వినపడింది?

… "తెరేసా, మంచినీళ్ళు" అనా? పిన్నిని పిలిచినట్టా?

…

సింథసైజరే అక్కా. ఎక్కువసేపు నడిపితే దానికి దాహం వేస్తది.

అరవకు. అరవకక్కా, కొట్టాయన చూస్తున్నాడు… ఆ. ఆ, బాబాయే.

అవునూ, మీ నాన్నే!… మొత్తం. మొదట్నుంచి మంచినీళ్ళ దాకా.

ఏం చెయ్యమంటావు మరి? ఆ మీటలు తిప్పీ తిప్పీ వేళ్ళు అరిగినయ్. ఏం చేసినా ప్లాస్టిక్ బకెట్ మీద కొట్టినట్టే వచ్చింది. నా మీద నాకే అసహ్యమేసింది. ఆ మధ్యాహ్నం మీ ఇంటికొస్తే వసారాలో మడతమంచం మీద బాబాయ్… ఆలోచిస్తున్నాడు. కిటికీ అద్దం వణికిందక్కా. స్టూలు మీద గ్లాసు దానంతటదే జరిగింది. నాకు రోమాలు లేచి నిలబడ్డయ్. అంత కిందికి దిగే శబ్దం నేను ఏ యంత్రంలోనూ వినలా… ఫోన్ తీసి, రికార్డింగ్ నొక్కి మంచం కింద పెట్టా. అంతే.

ఎవరికి చెప్పాలి?… దానమ్మ ఆంటీకా? వద్దక్కా. మావాళ్ళందరికీ సింథసైజర్ అని చెప్పుకున్నా, తలెత్తుకోలేను…

ఏంటీ? రాత్రికి బసవయ్య రీమిక్సే వేయిస్తావా? కుక్కదా?… నన్ను చంపినా పర్లేదు గానీ—

పిన్ని ఏడుస్తుందా?

…

పట్టుకెళ్ళు. కారు దగ్గరికి పట్టుకెళ్ళు ఫోను. స్పీకర్లో పెట్టి అద్దం దించమను.

… వందనాలాంటీ. డయానక్క తమ్ముణ్ణండీ, జాన్ పాల్… ఆ, ఆ పాడు మోత చేసినవాణ్ణేనండీ… అంటే, చేసింది నేను కాదండీ. అది చెప్దామనే. ఆ మోత యంత్రంలోంచి రాలేదండీ. శౌరయ్య బాబాయ్ గురకండీ అది… గురకండీ, గురక. నిద్రలో వచ్చే గురక… మా పిన్నికి ఆ మోత వినపడగానే పక్కకో పోటు పొడవడం అలవాటండీ. పక్కనున్నది మీరని ఆ మోచేతికి తెలీదు… లేదండీ, మీ మీద కోపం ఎందుకుంటదండీ. అది కోపం కాదండీ, కాపురమండీ…

మీ వారిది కూడానా?… ఈల లాగానా?… మరి మీరేం చేస్తారండీ?… ముక్కు పట్టుకుంటారా!

నవ్వుతున్నారాండీ?… దిగుతున్నారా. హమ్మయ్య. కాలు జాగర్తండీ, ఆ హాలు ముందంతా గుంటలు.

ఆ అక్కా… పిన్నీ ఆవిడా కాఫీకెళ్ళారా? మంచిది. బాబాయ్ ఏమంటున్నాడు?… ఏంటీ, "ఆ రోజు నేను నిజంగానే ఆలోచిస్తున్నా" అంటున్నాడా? అననీలే…

వస్తున్నా, వైరు తీసుకుని బయల్దేరుతున్నా. ఆ మంచినీళ్ళు కోసేస్తాలే. మిగతాదంతా నాదే అక్కా, మిగతాది మాత్రం నిజంగా—

పైన ఆడగొంతా?

… అది వదిలెయ్యక్కా.

వదిలెయ్యమన్నానా. ఏడుపొచ్చిందన్నావుగా, అట్లా ఉంచుకో… ఇంకా స్పీకర్లోనే ఉందా ఫోను? బావ కూడా ఉన్నాడా? అయితే వద్దు…

సరే. సరే! నువ్వే. నువ్వు గిన్నెలు తోముతా కూనిరాగం తీస్తావు చూడు, అది… ఆ, ఆ రోజే. బాబాయ్ మోత వెనకాల వంటింట్లోంచి అదీ రికార్డయింది. ఇంత ముక్క కూడా శ్రుతిలో లేదక్కా, ఎటుపోతుందో దానికే తెలీదు. నెలలు పట్టింది దానికే, సరిచెయ్యడానికి! అందుకే నీ గొంతు నువ్వే గుర్తుపట్ట—

హలో?

అక్కా?… హలో…