పదకొండు గంటల మంచి కబురు

1988వ సంవత్సరం జూలై నాలుగవ తేదీ, సోమవారం ఉదయం, నగర నీటి సరఫరా కార్యాలయపు డ్రాయింగు విభాగంలో ట్రేసరుగా విధుల్లో చేరిన ఇరవై మూడేళ్ళ యువకుడు ఈ నెల ముప్ఫయ్యవ తేదీ సాయంత్రం ప్రధాన డ్రాఫ్ట్స్‌మన్ హోదాలో పదవీ విరమణ చేయబోతున్నారు. మనమందరం ఆయన ఎదుటనే, ఆయన చిరునవ్వే అనుమతిగా, ‘మిల్లీమీటరుగారు’ అని పిలుచుకునే ఆ పెద్దమనిషిని గురించి మన కార్యాలయ పత్రిక ఈ సంచికలో నాలుగు మాటలు రాసే బాధ్యతను సహోద్యోగులు నాకు అప్పగించారు. స్టోర్సు విభాగంలో వాల్వుల నడుమ, గొట్టాల నడుమ ఉద్యోగజీవితం గడిపినదాన్ని. సభామర్యాదకు తగిన భాష నాకు ఎంతవరకు పట్టుబడుతుందో తెలియదు. అయినా ఈ పనిని మరొకరికి వదులుకోవడానికి మనసొప్పలేదు. కారణం ముందుకు చదివితే మీకే బోధపడుతుంది.

ఆయన చేరిన నాటి డ్రాయింగు హాలు ఇప్పటివారి ఊహకు అందదు. మొదటి అంతస్తులో, ఉత్తరపు కిటికీల వెలుతురులో, వాలుగా నిలిపిన బల్లలు రెండు వరుసలు. మూలగదిలోని ప్రింటు యంత్రం నుంచి కళ్ళు మండించే అమోనియా వాసన. ఇంజనీర్లు గీసిన పటాలపై పలుచని ట్రేసింగు గుడ్డ పరచి, ఊపిరి బిగబట్టి, సిరాతో గీతలు దించడం ట్రేసరు పని. చెమటచుక్క ఒకటి జారిపడితే రోజంతటి శ్రమ వృథా. ఆ పనిలో ఆయన చూపిన ఏకాగ్రతను, గీతగీతకూ పాటించిన నిష్ఠను నాటి పెద్దలు ఎంతగానో మెచ్చుకునేవారట. 1996లో డ్రాఫ్ట్స్‌మన్‌గా, 2009లో ప్రధాన డ్రాఫ్ట్స్‌మన్‌గా పదోన్నతులు పొంది, వీధివీధినా పాతగొట్టాల జాడను స్వయంగా నడిచి చూసి, నగరం అడుగున ప్రవహించే నీటికంతటికీ ఒక సమగ్రమైన పటాన్ని రూపొందించిన ఘనత ఆయనది.

ఇక ఆ బిరుదు సంగతి కొత్తవారికి చెప్పాలి. నేను చేరిన తొలి ఏడాది, ఎవరికో పదోన్నతి వచ్చిందని కేకు తెప్పించారు. మనుషులు ఎక్కువ, కేకు చిన్నది. కోసే పని ఆయనకు అప్పగిస్తే, జేబులోంచి స్కేలు తీసి, శుభ్రంగా తుడిచి, కేకు పక్కన ఆనించి గుర్తులు పెట్టడం మొదలుపెట్టారు.

“అయ్యా, కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి, కొలతలు తర్వాత!” అని టైపిస్టు మొత్తుకున్నాడు.

“ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చిందంటే రేపు నన్ను మీరు బతకనిస్తారా?” అన్నారాయన తలెత్తకుండా.

ముక్కలన్నీ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. అందరికీ పంచాక చూస్తే ఆయనకు ముక్క లేదు. తనను తాను లెక్కపెట్టుకోవడం మరిచిపోయారు. అందరం తలా కొంచెం తుంచి ఆయన చేతిలో పెట్టాం; పేరు కూడా ఆ పూటే పెట్టాం.

2010 చలికాలంలో ఆయన ధర్మపత్ని స్వల్పకాల అస్వస్థతతో కన్నుమూశారు. వారి ఒక్కగానొక్క అమ్మాయి అప్పటికి పదో తరగతి. మేమంతా వెళ్ళి, చేతులు పట్టుకుని, చెప్పవలసిన మాటలు చెప్పి, ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళం వచ్చేశాం. ఆయనా తన బల్ల దగ్గరికి వచ్చారు. తెల్లకాగితం బిగించి, పెన్సిలు చెక్కి, చెక్కిన పెన్సిలునే మళ్ళీ చెక్కుతూ కూర్చునేవారు. సాయంత్రానికి బల్ల కింద పొట్టు కుప్పపడేది, కాగితం మీద గీత పడేది కాదు. ఎవరైనా పలకరిస్తే “బాగానే ఉన్నానండీ” అనేవారు. ఆ ‘బాగానే’ విన్నవాళ్ళకు గుండె తరుక్కుపోయేది.

స్టోర్సు షెడ్డుకూ ప్రహరీగోడకూ నడుమనున్న సన్నటి జాగాలో అప్పట్లో పగిలిన సిమెంటు గొట్టాలు, ఇటుకముక్కలు, కంకర తప్ప మరేమీ ఉండేవి కావు. నేను అన్నం డబ్బా కడుక్కునే కుళాయి పక్కన, ఆ రాళ్ళ సందులో ఒకనాడు ఏదో మొలక తలెత్తింది. ఆ పూట ఏదో కొలత సరిచూసుకోవడానికి ఆయన షెడ్డుకు వచ్చారు. ఎలాగైనా నోరు విప్పించాలని అడిగాను.

“సార్, ఇది టమాటానా, పిచ్చిమొక్కా?”

వంగి చూశారు.

“నాకు తెలీదండీ. మా ఆవిడైతే ఆకు నలిపి వాసన చూసి చెప్పేసేది.” తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, “ఇంట్లో ఆవిడ కుండీలన్నీ ఎండిపోయాయి. నీళ్ళు పొయ్యాలని నాకు తోచనే లేదు,” అన్నారు.

నేను ఒక ఆకు నలిపి ఆయన చేతిలో పెట్టాను. వాసన చూశారు. కళ్ళు మూసుకుని మళ్ళీ చూశారు.

“టమాటానే,” అన్నారు.

మర్నాడు ఒక వెదురు పుల్ల, కొంత దారం పట్టుకొచ్చారు. పుల్ల పాతి, దారానికి ఒక బోల్టు వేలాడగట్టి, పుల్ల నిలువుగా ఉందో లేదో సరిచూస్తున్నారు.

“బెత్తెడు మొక్కకి అంత తతంగమా సార్?”

“రేపు వంకరగా పెరిగితే మాట ఎవరికొస్తుంది మేడమ్? నాకే కదా!”

నేను పకపకా నవ్వాను. కాసేపటికి ఆయనా నవ్వారు. అన్ని వారాల తర్వాత ఆయన నవ్వడం చూసి వాచ్‌మన్ గేటు వదిలిపెట్టి మరీ వచ్చాడు.

అలా మొదలైంది మన తోట. కంకర ఏరి గోడవారకు చేర్చాం. ఎండుటాకులు, వాడేసిన టీపొడి, కూరగాయల తొక్కలు, అన్నిటికంటే ముఖ్యంగా డ్రాయింగు హాలులోని పెన్సిలు పొట్టు తెచ్చి పరిచాం. పగిలిన గొట్టాలు కుండీలయ్యాయి. జనం బిందెలతో బారులు తీరే వేసవిలో నీటి కార్యాలయం వాళ్ళమే కుళాయి నీళ్ళు మొక్కలకు ధారపోయడం న్యాయం కాదని ఆయన పట్టుబట్టి, గొట్టాల ఒత్తిడి పరీక్షకు వాడి పారబోసే నీటిని తోటకు మళ్ళించారు. బంతి, మిరప, చిక్కుడు, గోడవారన ఒక నిమ్మ. ఏడాది తిరక్కుండా ‘సార్’ కాస్తా నాకు ‘అన్నయ్యగారు’ అయ్యారు, ‘మేడమ్’ కాస్తా ‘చెల్లెమ్మ’ అయింది.

ఆ రోజుల్లోనే ఆయన ఒక నియమం పెట్టారు. పదకొండు గంటలకు టీ వస్తుంది; అది చల్లారేలోగా తోటలో చూసిన మంచి కబురు ఒకటి ఒకరికొకరు చెప్పాలి. ఎంత చిన్నదైనా ఫరవాలేదు, కళ్ళారా చూసిందై ఉండాలి, అబద్ధం మాత్రం కూడదు.

“ఒక్కటేనా?” అన్నాను.

“రోజంతా సంతోషంగా ఉండమంటే నా వల్ల కాదు చెల్లెమ్మా. ఒక్క కబురైతే మోయగలను.”

2014లో కంప్యూటర్లు వచ్చి వాలుబల్లలన్నీ లారీ ఎక్కాయి. చేతిలోని పనికి విలువ పోయిందని కుమిలిపోయి, స్వచ్ఛంద విరమణకు సిద్ధపడ్డారాయన. అప్పుడు నేనే గట్టిగా మందలించాను: “చీడ పట్టగానే మొక్క పీకేద్దామని ఒక్కసారైనా అన్నారా మీరు? మీ విషయంలో ఎందుకంటున్నారు?” ఆయన వెళ్ళి, తన కూతురి వయసువాళ్ళ పక్కన కూర్చుని, మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్చుకున్నారు. ఆపైన వారికే పాఠాలు చెప్పే స్థాయికి ఎదిగారు. తోటకు పెన్సిలు పొట్టు కరువైందన్న ఒక్క ఫిర్యాదు మాత్రం ఆయనకు ఈనాటికీ ఉంది.

2017లో నా వంతు వచ్చింది. రొమ్ములో గడ్డ, శస్త్రచికిత్స, ఆ తర్వాత నెలల తరబడి మందు ఎక్కించుకోవడం. ఆసుపత్రిలో నా మంచం పక్క కిటికీ తెరిస్తే ఎదురుగా మరో గోడ. పదకొండయ్యేసరికి ఫోను మోగేది.

“నిమ్మకి కొత్త చిగురొచ్చింది చెల్లెమ్మా. రాగిరంగులో ఉంది.”

మరో రోజు: “గొంగళిపురుగు ఒకటి ఆ చిగురంతా తినేసింది.”

“అది మంచి కబురా అన్నయ్యగారూ?”

“దానికి మంచిదే కదా! ఒళ్ళు చేసింది కూడానూ.”

గొంతులోకి మంచినీళ్ళు కూడా దిగని రోజుల్లో నేను ఆ పురుగు గురించి తలుచుకుని నవ్వుకునేదాన్ని. నేను చెప్పవలసిన కబురు మాత్రం ఉండేది కాదు. “బాకీ రాసుకుంటున్నాను,” అనేవారాయన.

ఎండలు ముదిరిన వేళ డాక్టరుగారు వచ్చి, ఇంతవరకు ఇచ్చిన మందు పనిచేయడం లేదని, ఇంకా బలమైనది మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలని చెప్పారు. నా ఓపిక అక్కడితో ఆఖరైంది. “ఇక చాలు, నన్ను ఇంటికి తీసుకుపొండి,” అని మావారితో అనేశాను. ఆయన వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు. ఆ మాటే అన్నయ్యగారికీ చెప్పేద్దామని మర్నాడు ఫోను కోసం కాచుకుని ఉన్నాను.

ఆ ఉదయం కార్యాలయంలో ఏం జరిగిందో నాకు తర్వాత వాచ్‌మన్ చెప్పాడు. మన తోట అడుగునే వెళ్ళే పెద్దగొట్టం పగిలింది. సగం నగరానికి కుళాయిలు ఆగిపోయాయి. తవ్వే యంత్రం గేటు ముందు నిలబడి ఉంది. ఎక్కడ తవ్వాలో చూపవలసింది ప్రధాన డ్రాఫ్ట్స్‌మన్.

“కాస్త పక్కనుంచి తవ్వితే కుదరదా సార్?” అని వాచ్‌మన్ బతిమాలాడట.

“గొట్టం పక్కన లేదు కదయ్యా,” అన్నారట ఆయన.

సున్నపుపిండి డబ్బా తీసుకుని, చిక్కుడుపందిరి మధ్యనుంచి, బంతుల మీదుగా, నిమ్మచెట్టు మొదలు దాకా తన చేత్తోనే గీత గీశారట. అది ఎప్పటిలాగే తిన్నగా వచ్చిందట. గంటలో తోట లేదు. గొట్టం బయటపడ్డాక, పనివాళ్ళు అతుకుల కోసం వెళ్ళిన సమయంలో, ఆయన గడియారం చూసుకుని కందకంలోకి దిగారట. ఏమి వెతుకుతున్నారో ఎవరికీ అర్థం కాలేదు. అక్కడినుంచే నాకు ఫోను చేశారు.

“చెల్లెమ్మా, మన మట్టి నల్లబడింది. మోకాలి లోతు దాకా నలుపే. మనం మొదలుపెట్టినప్పుడు కంకర కదా? ఇప్పుడు గుప్పెట్లో పట్టుకుంటే గుల్లగా ఉంది. వానపాములు అడుగుదాకా ఉన్నాయి. నేనే చూశాను.”

నేను చెప్పదలచుకున్నది నోటిదాకా వచ్చి ఆగింది. మోకాలి లోతు మట్టి ఎలా కనబడుతుంది?

“తవ్విందెవరు అన్నయ్యగారూ?”

“గొట్టం పగిలింది. గీత గీసింది నేనే,” అన్నారు. “చిక్కుడు పోయింది. నిమ్మ కూడా పోయింది. కబురు లేదని చెప్పడానికి మనసు రాలేదమ్మా. వెతికితే ఇది దొరికింది.”

నేను భోరుమన్నాను. జబ్బు తెలిసిన నాటినుంచి నాకోసం ఏడ్చీ ఏడ్చీ విసిగిపోయినదాన్ని. ఆ రోజు నిమ్మచెట్టు కోసం ఏడ్చాను, కందకంలో ఒంటరిగా నిలబడ్డ ఆయన కోసం ఏడ్చాను.

“ఏడవండి. నేను ఇక్కడే ఉన్నాను. ఫోను పెట్టను,” అన్నారు.

కొంతసేపటికి ముక్కు తుడుచుకుని అడిగాను: “చిక్కుడు గింజలు నా సొరుగులో ఉన్నాయి, చూశారా?”

“ఉన్నాయి. కానీ ఎప్పుడు వెయ్యాలో, ఎంత లోతులో వెయ్యాలో నాకేం తెలుసు? మీరొచ్చి చెప్పాల్సిందే.”

ఏళ్ళ తరబడి నా పక్కన కూర్చుని, స్కేలుతో లోతు చూసి మరీ చిక్కుడు నాటిన మనిషికి తెలియకపోవడమా! తోట విషయంలో ఆయన నాతో ఆడిన అబద్ధం అదొక్కటే. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకూ తెలుసు. నేను మావారిని లోపలికి పిలిచి, కొత్త మందు ఎప్పటినుంచో డాక్టరుగారిని అడిగి రమ్మన్నాను.

ఆ మందు నన్ను పిండేసింది, కానీ పనిచేసింది. మరుసటి ఏడాది తలకు రుమాలు కట్టుకుని విధుల్లో చేరాను. గొట్టం వెళ్ళే దారి పొడవునా ఆయన ఆకుకూరలు మాత్రమే వేయించారు. “మళ్ళీ తవ్వాల్సొస్తే తోటకూర ఏమీ అనుకోదు,” అన్నారు. అప్పటికి టీ వేళ షెడ్డు వెనక మేమిద్దరమే కాదు; కాపురం చెదిరిన అకౌంటెంటు, తల్లికి చూపు పోయిన వాచ్‌మన్, ఏ కారణం చెప్పకుండానే వచ్చే మరికొందరు చేరారు. ఎవరి కష్టమేమిటని ఎవరూ ఆరా తీసేవారు కాదు. గ్లాసు పట్టుకుని వస్తే జరిగి చోటిచ్చేవారు. ఈ కార్యాలయంలో నా ఉద్యోగజీవితమంతటిలోకీ నాకు పదేపదే గుర్తుకొచ్చేవి ఆ ఉదయాలే.

ఈ వ్యాసం రాయడానికి ముందు, ఇప్పుడు ఉపాధ్యాయురాలైన ఆయన కుమార్తెను కలిశాను. “నాన్న అప్పట్లో ఇంటికొస్తే ముందు గోళ్ళు చూసేదాన్ని అత్తా,” అంది. “మట్టి ఉంటే ఆ పూట అన్నం తింటారని ధైర్యం. నాతో మాట్లాడతారని కూడా.” అమ్మాయీ, ఆ సంగతి మాకెవరికీ తెలియదు. తెలిసి ఉంటే ఆయన్ను చేతులు కడుక్కోనిచ్చేవాళ్ళం కాదు.

అమ్మాయీ, ఇక ఆయన పూర్తిగా మీ ఇంటివారు. మీ తలుపులు ఎంత వాలాయో, గోడగడియారం ఎంత ఒరిగిందో రేపటినుంచి మీకు చెబుతారు. నొచ్చుకోకండి, కాసింత మట్టి చూపించండి. విధి నిర్వహణలో నిష్ఠకూ, సహోద్యోగుల పట్ల వాత్సల్యానికీ ఆదర్శంగా నిలిచిన మా అన్నయ్యగారికి నిండు ఆరోగ్యం, చీకూచింతా లేని సుదీర్ఘమైన జీవితం లభించాలని కార్యాలయ సిబ్బంది అందరి తరఫున మనసారా కోరుకుంటున్నాను. మొక్క పక్కన గొంతుక్కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా తిరిగి లేవగల సత్తువ ఆయనకు చిరకాలం ఉండాలి. ఎప్పుడైనా లేవలేని రోజు వస్తే, ఆయన అడగకముందే చెయ్యందించే మనిషి పక్కనే ఉండాలి.