తోమిన కాసు

లండన్ శివారు స్టాన్‌మోర్‌లో ఒక ఇల్లు. రెండువేల ఆరు, శ్రావణ శుక్రవారం మధ్యాహ్నం. పాతనాణేల డీలరు ఇప్పుడే వెళ్ళిపోయాడు. ఇంట్లో భానుప్రకాష్, వాళ్ళమ్మ అలివేలుమంగ. అతని భార్య హైమ ఆసుపత్రిలో డ్యూటీలో ఉంది.

“...అదే అడుగుతున్నానమ్మా. దేంతో తోమావు?”

“కుంకుడు రసంతోరా. తెనాలి నుంచి తెచ్చుకున్నాగా. బంగారాన్ని మరి దేంతో తోముతారు?”

“అది మామూలు బంగారం కాదు.”

“కాదూ? ఇరవైరెండు కారెట్లని హైమే చెప్పింది.”

“బంగారమే, నగ కాదు. రెండొందల ఏళ్ల నాటి అమెరికా కాసు. దాని మీద పట్టిన మకిలి కూడా విలువే. ఆ డీలరు భూతద్దం పెట్టి చూసి ఏమన్నాడో విన్నావా?”

“ఇంగ్లీషులో అన్నాడు. నాకేం తెలుస్తుంది?”

“నిండా గీతలన్నాడు. ఎవరో అంట్లు తోమినట్టు తోమారన్నాడు. బంగారం బరువుకి ఇంకాస్త వేసి ఇస్తానని, లేచి వెళ్ళిపోయాడు.”

“టీ కూడా తాగలేదు, పాపం. ఏలకులు వేసి పెట్టాను.”

“అమ్మా.”

“అరవకు. అమ్మవారి ముందు కాసు పెట్టాలి కదా. చూస్తే ఎర్రగా, మురికి పట్టి ఉంది. అలాగే పెట్టమంటావా?”

“నీ మెళ్ళో గొలుసుంది, అది పెట్టొచ్చుగా.”

“మనకి కాసు పెట్టడం ఆనవాయితీ. ఇంట్లో ఉన్న కాసు అదొక్కటే.”

“ఆ పెట్టె ఎప్పుడూ హైమ బీరువాలో తాళం వేసి ఉంటుంది. నీకెలా దొరికింది?”

“నిన్న నువ్వు తీసి డైనింగ్ టేబుల్ మీద పెడితే దొరికింది. హైమకి చెప్పే తీశావా?”

“చెప్దామనే అనుకున్నా.”

“చెప్పావా?”

“వార్డులో ఉన్న డాక్టరు ఫోనెత్తుతుందా? రెండ్రోజుల్నుంచీ వరసగా డ్యూటీలే. అయినా ఇదంతా ఎవరి కోసం, ఇద్దరి కోసమేగా. క్రోయిడన్‌లో ఆ ఫ్లాట్ కొంటే నెల నెలా అద్దె వస్తుంది. ట్రామ్ స్టాప్ పక్కనే. సోమవారానికల్లా డిపాజిట్ కట్టాలి. నా ఫ్రెండు మల్లికార్జున గాడు ఇప్పటికి అలాంటివి మూడు కొన్నాడు.”

“వాళ్ళావిడ కాసు అమ్మి కొన్నాడా?”

“ఆవిడకి ఇలాంటి పిచ్చి లేదు.”

“పిచ్చి. ఊఁ. నీ రెండో కారేమిటో?”

“అది వేరు.”

“వేరే. నీదైతే ముచ్చట, దానిదైతే పిచ్చి.”

“నేను పిచ్చి అన్నది... సరే, సరదా అను. ఇంత డబ్బు పెట్టి పెట్టెలో దాచుకునే సరదా.”

“నీ డబ్బా? డ్యూటీల పట్టీలో తన పేరు లేని రాత్రులు కూడా పని చేసి కొనుక్కుంది. మూడేళ్లు వెతికింది అలాంటి దాని కోసం. ఆదివారం పూట నన్ను పక్కన కూచోబెట్టుకుని భూతద్దంలో చూపిస్తుంది. ఆ టోపీ పెట్టుకున్నావిడ రాణీ కాదట, దేవతా కాదట, స్వేచ్ఛట. రాజుల తలకాయలు మాకొద్దని ఓ ఆడమనిషిని వేసుకున్నారట. అది చెప్పేటప్పుడు దాని మొహం చూడాలి నువ్వు.”

“చూశాన్లే. ఇప్పటికి అమ్మేసి, తర్వాత అలాంటిదే ఇంకోటి కొనిస్తాను కదా.”

“మీ నాన్నా అదే అన్నారు, నా కాసులపేరు పట్టుకెళ్ళిన రోజున. రైసుమిల్లు నిలదొక్కుకున్నాక మళ్ళీ చేయిస్తానన్నారు.”

“ఇప్పుడు నాన్న సంగతెందుకు?”

“అచ్చం ఆయన గొంతుతోనే అన్నావు కాబట్టి.”

“సరే. పోనీ. అతనిస్తానన్న రేటుకే ఇచ్చేస్తా. ఇప్పుడే ఫోన్ చేస్తా.”

“చెయ్యి. డిపాజిట్‌కి సరిపోతుందా?”

“ఎక్కడ సరిపోతుంది? అందులో సగం కూడా రాదు.”

“మరెందుకు చెయ్యడం? ఆ పెట్టె ఇలా ఇవ్వు, ఎక్కడిదక్కడ పెట్టేస్తాను.”

“పెట్టెలో పెడితే అయిపోతుందా? హైమ వచ్చి చూస్తే గుండె పగిలి ఏడుస్తుంది. తన ప్రాణమంతా అందులోనే ఉంది. నీకా సంగతి తెలీదు.”

“పొద్దున్నుంచీ అమ్ముదామని చూసినవాడివి, నువ్వు చెప్తున్నావా నాకు? ఏడుస్తుంది. నన్ను తిడుతుంది కూడా. తిట్టనీ, పడతాను. చేతిలో ఉన్నదాన్ని చూసుకుని ఏడుస్తుంది. చెయ్యి దాటిపోయినదాని కోసం ఏడవడం వేరురా. అది నేను ఏడ్చాను.”

“తనకేం చెప్తావు?”

“నేనే తోమానని చెప్తాను.”

“నేను అమ్మబోయానని కూడానా?”

“అది నువ్వు చెప్పాలి. రాత్రి భోజనాల లోపల నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను.”

“అసలు నువ్వు ఎవరి వైపమ్మా?”

“కాసు ఎవరిదో వాళ్ళ వైపు.”

“బావుంది. తెలియక చేశావు, పెద్దదానివి, పోనీలే అని నేను ఊరుకుంటుంటే నన్నే దబాయిస్తున్నావు. నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయేది? అలాంటివాటిని తోమకూడదని చెప్పేవాణ్ణిగా.”

“నువ్వు చెప్పేదేముందిరా. నేను ఈ ఇంటికొచ్చిన రోజే హైమ చెప్పింది, మెత్తటి గుడ్డ పెట్టి తుడిచినా దీని ధర పడిపోతుంది అత్తయ్యా అని. అందుకే కొబ్బరిపీచు పెట్టి తోమాను.”