సినిమాలో అమ్మ

తన చిన్నతనాన్నే కథగా రాసి, అప్పోసప్పో చేసి సొంతంగా సినిమా తీశాడు కొడుకు. మొదటి ఆటకు అతను బయల్దేరేలోపే తల్లి ముస్తాబై గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికమ్మా ఈ ముస్తాబు?"

"ఎక్కడికంటావేంట్రా? నా వంటింట్లో తీసిన సినిమాకి నేను రావద్దూ?"

"హాల్లో ఏసీ ఎక్కువ. నీకు పడదు."

"శాలువా పెట్టుకున్నా."

"సీట్లు కూడా..."

"నిలబడి చూస్తా. నీ లైట్ల కోసం నెల్లాళ్ళు వరండాలో పడుకున్నదాన్ని, నిలబడ్డం ఓ లెక్కా?"

"అది కాదమ్మా."

"మరేది? అవునుగానీ, నా వేషం వేసినావిడ బాగా చేసిందా?"

"బాగానే చేసింది. కొంచెంసేపే ఉంటుంది."

"కొంచెంసేపేంట్రా? మీ నాన్న పోయాక నిన్ను సాకిందంతా నేనేగా!"

"సినిమా కదా. కొన్ని మారుస్తాం."

"ఏం మార్చావు?"

"ఏం లేదులే. నువ్వెళ్ళి పడుకో."

"పట్టపగలు పడుకోనా? ఏం మార్చావురా?"

"మొదట్లోనే అమ్మ పోతుంది. పిల్లాడు ఒంటరిగా పెరుగుతాడు."

"పోనీలే, కథేగా."

"కథ అని చెప్పలేదమ్మా. నా జీవితంలో జరిగిందే అని చెప్పా. అందుకే హాలువాళ్ళు సినిమా తీసుకున్నారు. పేపర్లో కూడా వేశారు."

"నేను పోయాననా?"

"అరవకు. అది రాసిన పేపరావిడే ఇప్పుడు ఇంటికొస్తోంది."

"ఎలా పోయాన్రా?"

"అమ్మా..."

"చెప్పు. నేనూ తెలుసుకోవద్దూ?"

"నన్నొదిలేసి ఎవడితోనో వెళ్ళిపోయావు. అక్కడే పోయావు."

"నేనా? ఎవడితోనోనా?"

"ఆ సీనుకి ఎడిటరు కూడా ఏడ్చాడమ్మా! నిజం."

"ఏడవడూ మరి. నాకే ఏడుపొస్తోంది. సిగ్గుగా లేదట్రా నీకు?"

"ఈ ఒక్కరోజూ నువ్వు మా పిన్నివి. ఎవరడిగినా అంతే. నాకోసం ఎన్ని చెయ్యలేదూ, ఇదొక్కటి చెయ్యమ్మా."

"అదిగో, బెల్లు. ఉండు, నేను తీస్తా."

"పిన్నివి! మర్చిపోకు."

"ఎందుకు మర్చిపోతాలే."

"నమస్తే అండీ, పేపరు నుంచి వచ్చాను. మీరు డైరెక్టరుగారికి...?"

"ఏమీ కానమ్మా. ఈ ఇల్లు నాది. తల్లి లేని పిల్లాడు కదాని ఇన్నాళ్ళూ ఉండనిచ్చా. సాయంత్రానికి ఖాళీ చేస్తున్నాడు, అదీ రాసుకో."